‘టెనెస్సీ విస్కీ’ పాడినాయన సరే, రాసిందెవరు?

నైట్‌షిఫ్ట్ గాడు, గచ్చిబౌలి:

అన్నలకీ అక్కలకీ నమస్తే. నాకు ఇంగ్లిష్ పాటల్లో పెద్ద ప్రవేశం లేదు. అమెరికా క్లయింట్ పని కాబట్టి రాత్రంతా మేలుకోవాలి, చెవిలో ఏదో ఒకటి మోగకపోతే రెండు కొట్టేసరికి తల వాలిపోతుంది. మా టీమ్‌లో ఒకడు క్రిస్ స్టేపుల్టన్ పాడిన ‘టెనెస్సీ విస్కీ’ పంపాడు. విని విని అరగదీశాను. దాని వెనకే యాప్ తనంతట తాను ఎటా జేమ్స్ పాడిన ‘ఐడ్ రాదర్ గో బ్లైండ్’ వేసింది. ఒకటి కంట్రీ (అమెరికా పల్లె పాటల తరహా) అట, ఇంకోటి సోల్ (అక్కడి నల్లజాతి వాళ్ల పాటల తరహా) అట. నా చెవికి మాత్రం రెండిటి నడకా ఒకటే. ఎవరిది ఎవరు లేపేశారు?

ఇంకో డౌటు. మన వివిధ భారతిలో రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా అని చెప్పాకే పాట వేసేవాళ్లు. అందుకే మా నాన్నకి ఏ పాట ఎవరు రాశారో కంఠతా వచ్చు. ఈ పాటలకేమో పాడినవాళ్ల ఫొటో తప్ప పైకి ఇంకేం కనపడదు. మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్‌లోకి వెళ్తే మొదటి పాటకి డీన్ డిల్లన్, లిండా హార్‌గ్రోవ్ అనీ, రెండోదానికి ఎలింగ్టన్ జోర్డాన్, బిల్లీ ఫాస్టర్ అనీ ఉంది. వీళ్లెవరు? ఇలాంటివాళ్ల గురించి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? థియరీ వద్దు, వినడానికి పాటలు చెప్పండి చాలు.

షోల్స్ పక్కూరాయన, హంట్స్‌విల్, అలబామా:

తమ్ముడూ, నీ చెవి బ్రహ్మాండంగా పనిచేస్తోంది. దొంగతనమైతే ఏమీ లేదు. మాటలూ బాణీ డిల్లన్, హార్‌గ్రోవ్‌లవే. ఆ నిదానం, ఆ తూగు మాత్రం ఎటా జేమ్స్ రికార్డు తరహా. ‘టెనెస్సీ విస్కీ’ని మొదట 1981లో డేవిడ్ అలన్ కో పాడాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1983లో జార్జ్ జోన్స్ పాడితే కంట్రీ చార్టులో 2వ స్థానం దాకా వెళ్లింది. ఆ జోన్స్ రికార్డు ఒకసారి విను, అచ్చమైన కంట్రీ పాట. 2015లో స్టేపుల్టన్ దాన్ని సోల్ నడకలోకి దించాడు. ఆ నవంబర్‌లో కంట్రీ అవార్డుల స్టేజీ మీద జస్టిన్ టింబర్లేక్‌తో కలిసి పాడాక ఇక ఆగలేదు. అన్నట్టు స్టేపుల్టన్ కూడా అప్పటిదాకా నాష్‌విల్‌లో ఏళ్ల తరబడి వేరేవాళ్లకి పాటలు రాసిచ్చినవాడే. కెనీ చెస్నీకి 2007లో నంబర్ వన్ అయిన ‘నెవర్ వాంటెడ్ నథింగ్ మోర్’ రాసిన ఇద్దరిలో ఈయనొకడు. అప్పట్లో ఈయన పేరు ఎంతమందికి తెలుసు?

డీన్ డిల్లన్ పేరు కంట్రీ వాళ్లకి కొంత తెలుసు, కంట్రీ స్టార్ జార్జ్ స్ట్రెయిట్‌కి చాలా పాటలు ఇచ్చాడు. నాకు బాధనిపించేది లిండా హార్‌గ్రోవ్ సంగతి. ఫ్లోరిడాలో టలహసీ అమ్మాయి. స్టూడియోల్లో గిటార్ వాయించే ఆడవాళ్లు దాదాపు లేని రోజుల్లో నాష్‌విల్ వచ్చి గిటార్ వాయించింది, తన పేరుతో ఆల్బమ్‌లూ చేసింది, అవి నడవలేదు. ఆమె పాటలు మాత్రం వేరేవాళ్ల గొంతుల్లో నడిచాయి. జానీ రోడ్రిగ్స్‌కి 1975లో నంబర్ వన్ అయిన ‘జస్ట్ గెట్ అప్ అండ్ క్లోజ్ ద డోర్’ ఆవిడదే. 2010లో చనిపోయింది. స్టేపుల్టన్ రికార్డు వచ్చింది ఆ తర్వాత ఐదేళ్లకి. తన పాట ప్రతి బార్‌లోనూ ప్రతి పెళ్లిలోనూ మోగే రోజు ఆవిడ చూడనే లేదు.

రెండో పాటకి వస్తే, ఎటా జేమ్స్ దాన్ని రికార్డ్ చేసింది 1967లో, మా పక్కూరు మజిల్ షోల్స్‌లో ఉన్న ఫేమ్ స్టూడియోలో. ఎలింగ్టన్ జోర్డాన్ అప్పటికి జైల్లో ఉన్నాడు. తాను చూడటానికి వెళ్తే సగం కట్టిన పాట వినిపించాడనీ, మిగతాది పూర్తి చెయ్యడానికి తానూ చెయ్యి వేశాననీ, టాక్సు గొడవల వల్ల తన వాటా పేరు బిల్లీ ఫాస్టర్‌కి ఇచ్చేశాననీ ఎటా తన ఆత్మకథలో చెప్పుకుంది. అంటే క్రెడిట్స్ లోపలికి వెళ్లినా ఒక్కోసారి సగం కథే దొరుకుతుందన్నమాట.

మన సినిమా పాటతో పోల్చుకునేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. మన దగ్గర మ్యూజిక్ డైరెక్టర్ ట్యూన్ ఇస్తాడు, దానికి కవి రాస్తాడు. నాష్‌విల్‌లో, మెంఫిస్‌లో, ఇక్కడ షోల్స్‌లో పాట రాసేవాడంటే మాటా బాణీ రెండూ కట్టుకుని, గిటార్‌తో డెమో పాడి, సింగర్‌కి చేరవేసేదాకా వాడి పనే. ఆ సింగర్ రికార్డ్ చేస్తే ‘కట్ దొరికింది’ అంటారు. కట్ దొరక్కపోతే ఆ పాట డ్రాయర్‌లోనే ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నావు కదా, నన్నడిగితే డాన్ పెన్. 1941లో అలబామాలో వెర్నన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. టీనేజీ దాటకముందే రాసిన ‘ఈజ్ ఎ బ్లూబర్డ్ బ్లూ’ని 1960లో కాన్వే ట్విటీ పాడాడు. తర్వాత ఫేమ్‌లో చేరి స్పూనర్ ఓల్డమ్ అనే కీబోర్డ్ ఆయనతో జంటకట్టాడు. ‘ఐయామ్ యువర్ పపెట్’, ‘క్రై లైక్ ఎ బేబీ’ ఆ జంటవే. పల్లెటూరి తెల్ల కుర్రాళ్లు ఇద్దరూ. రే చార్ల్స్‌నీ బాబీ బ్లాండ్‌నీ వింటూ పెరిగి, నల్లజాతి గాయకుల కోసం రాశారు, అదీ తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య గోడలు ఇంకా నిలబడి ఉన్న 1960ల అలబామాలో.

ఆయన పాటల్లో ఒక్కటే వినాలంటే ‘ద డార్క్ ఎండ్ ఆఫ్ ద స్ట్రీట్’ విను, జేమ్స్ కార్ పాడినది. 1966లో నాష్‌విల్‌లో రేడియో డీజేల మహాసభ జరుగుతోంది. పెన్, మెంఫిస్ ప్రొడ్యూసర్ చిప్స్ మోమన్ పేకాటలో ఉన్నారు. మధ్యలో ఒక పాట తట్టింది. కూర్చోడానికి గది కావాలి. మెంఫిస్‌లో గోల్డ్‌వాక్స్ అనే చిన్న కంపెనీ నడిపే క్వింటన్ క్లాంచ్ తన హోటల్ గది ఇచ్చాడు, కాకపోతే పాట తన సింగర్ జేమ్స్ కార్‌కే ఇవ్వాలని షరతు పెట్టాడు. అరగంటలో రాసేసి మళ్లీ పేకాటకి వెళ్లిపోయారు.

పాటలో పరిస్థితి ఏమిటంటే, ఇద్దరు దొంగచాటుగా కలుసుకుంటున్నారు. వాళ్ల పేర్లు లేవు, ఇల్లు లేదు, ఎలా పరిచయమయ్యారో లేదు. ఉన్నదల్లా వీధి చివర చీకటి, పట్టుబడిపోతామన్న భయం. చివర్లో అంటాడు, పట్టపగలు బజార్లో మనం ఎదురుపడితే పలకరించకుండా వెళ్లిపో అని. నన్నడిగితే మొత్తం పాట ఆ ఒక్క చోటు కోసమే కట్టారు. అప్పటిదాకా విన్నదంతా రాత్రి గురించి. ఆ చరణంతో వాళ్లకి పగలు కూడా లేదని తెలుస్తుంది. కార్ అక్కడ గొంతు పెంచి ఏడవడు, మింగేస్తాడు. ఇది వినేటప్పుడు మెయిల్స్ చూడకు.

తర్వాత వినాల్సింది ఆర్థర్ అలెగ్జాండర్. మజిల్ షోల్స్ పక్కనే ఉన్న షెఫీల్డ్ కుర్రాడు, నల్లజాతి వాడు, అక్కడి హోటల్లో బెల్ బాయ్‌గా పనిచేసేవాడు. 1961లో తనే రాసి పాడిన ‘యూ బెటర్ మూవ్ ఆన్’ ఫేమ్ స్టూడియో నడిపిన రిక్ హాల్‌కి మొదటి హిట్. ఈస్ట్ ఎవలాన్ రోడ్డులో ఇప్పటికీ ఉన్న ఆ స్టూడియో బిల్డింగ్ ఆ పాట డబ్బుతోనే లేచింది. రోలింగ్ స్టోన్స్ ఆ పాట పాడారు. ఆయన ‘ఆనా’ని బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్‌లో పాడారు. బాబ్ డిలన్ కూడా ఆయన పాట ఒకటి పాడాడు. ఇంత జరిగినా చేతికొచ్చింది తక్కువే. పాటలు మానేసి క్లీవ్‌లాండ్‌లో ఒక సేవా సంస్థకి బస్సు నడుపుకున్నాడు. 1993లో మళ్లీ ఆల్బమ్ చేశాడు, బాగుందన్నారు, ఆ జూన్‌లోనే పోయాడు. ఇంట్లో చుట్టాలొచ్చారు, మిగతాది తర్వాత రాస్తా.

లాలాగూడ క్వార్టర్స్, సికింద్రాబాద్:

హంట్స్‌విల్ గారూ, మీ లిస్టంతా మగవాళ్లే, లిండా గారు ఒక్కరు తప్ప. నేనొక పేరు చేరుస్తాను.

మా నాన్న రైల్వే. సౌత్ లాలాగూడలో మా ఇంటి చుట్టూ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. డిసెంబర్ వచ్చిందంటే సాయంత్రం ఏ కిటికీ దగ్గర నిలబడ్డా కంట్రీ గాయకుడు జిమ్ రీవ్స్ గొంతే. ఇంగ్లిష్ సరిగా రాకపోయినా మాకు ఆ పాటలన్నీ నోటికొచ్చు, ఎందుకంటే ఆయన ఒక్కొక్క మాటా విడదీసి, మనకి అర్థమయ్యేలా పాడతాడు. పక్కింటి ఆంటీ ఎల్పీ కవర్ తుడిచి నా చేతికిచ్చేది, ‘అంచులు పట్టుకో, మధ్యలో వేళ్లు పెట్టకు’ అని హెచ్చరిస్తూ. అట్ట వెనక పాటల జాబితా ఉండేది, కానీ మేం ఆ ముందున్న కోటు వేసుకున్న ఆయన్నే చూసేవాళ్లం.

ఆ పాటల్లో ‘డిస్టంట్ డ్రమ్స్’ రాసింది సిండీ వాకర్. టెక్సస్‌లోని మార్ట్ దగ్గర పుట్టింది, జీవితంలో ఎక్కువ భాగం పక్కనే ఉన్న మెహియా అనే ఊళ్లో వాళ్లమ్మతో గడిపింది. ఈవిడ పాట కడితే వాళ్లమ్మ పియానో వాయించేది. పొద్దున్నే లేచి, పూలు వేసిన గులాబీరంగు టైప్‌రైటర్ ముందు కూర్చునేది. బాబ్ విల్స్ ఒక్కడికే 50కి పైగా పాటలు ఇచ్చింది. రాయ్ ఆర్బిసన్ ‘డ్రీమ్ బేబీ’ ఆవిడదే. జిమ్ రీవ్స్ 1964 జూలైలో విమాన ప్రమాదంలో పోయాడు కదా, ‘డిస్టంట్ డ్రమ్స్’ 1966లో బయటికొచ్చి బ్రిటన్‌లో 5 వారాలు నంబర్ వన్‌గా ఉంది.

నైట్‌షిఫ్ట్ బాబూ, నీ కంట్రీ, సోల్ ప్రశ్నకి అసలు జవాబు ఈవిడ ‘యూ డోంట్ నో మీ’. పేరూ ఐడియా ఎడీ ఆర్నల్డ్ చెప్పాడు, పాట ఈవిడ కట్టింది. 1956లో ఆయనే పాడాడు, కంట్రీ హిట్ అయింది. 1962లో రే చార్ల్స్ కంట్రీ పాటలన్నీ ఏరుకుని ఒక ఆల్బమ్ చేశాడు, అందులో ఇదీ ఉంది. పాప్ చార్టులో 2వ స్థానం. తను ప్రేమిస్తున్న మనిషి తనని ఉత్త స్నేహితుడే అనుకుంటాడు, చెయ్యి కలిపి హలో అంటాడు, వీడికేమో నోరు పెగలదు. అంతే కథ. అది ఎవరికి జరగలేదు చెప్పండి. ముందు ఆర్నల్డ్‌ది విని తర్వాత రే చార్ల్స్‌ది వినండి.

జిమ్ రీవ్స్ ‘ఐ లవ్ యూ బికాజ్’ రాసింది లియాన్ పేన్, చూపు లేని టెక్సస్ గాయకుడు, భార్య కోసం రాసుకున్న పాట. హాంక్ విలియమ్స్ ‘లాస్ట్ హైవే’ కూడా ఈయనదే. హాంక్ జీవితం అలా గడిచింది కాబట్టి ఆయనే రాసుకున్నాడని చాలామంది అనుకుంటారు. జిమ్ రీవ్స్ పాడిన ‘హీల్ హావ్ టు గో’ రాసింది జో ఆలిసన్, ఆడ్రీ ఆలిసన్ అనే భార్యాభర్తలు. ఆవిడది చాలా మెల్లని గొంతు, ఫోన్‌లో సరిగా వినపడేది కాదట, పాటలో ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడమనడం అక్కడినుంచే పుట్టింది. ఇంట్లో రోజూ జరిగే విసుగుని అంత ముద్దుగా మార్చారంటే చూడండి.

కీబోర్డ్ బెజవాడ:

అందరూ చాలా తెలిసినవాళ్లలా ఉన్నారు, కానీ ఒక మాట. నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నా. రాసినవాడు ఎంత గొప్పవాడైనా పాడేవాడు తేలిపోతే పాట తేలిపోయినట్టే. ఆ జేమ్స్ కార్ కాకుండా ఇంకెవరో పాడి ఉంటే మీరు ఇంత రాసేవారా? ఇంకా చెప్పాలంటే రచయితలకి కనీసం పేరన్నా పడుతుంది. ‘వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ వుమన్’ మొదట్లో ఆ ఆర్గన్ లేకపోతే ఆ పాట ఉందా? అది వాయించినాయన పేరు ఎక్కడ వేశారు? మా జాతి గురించి ఎవరూ థ్రెడ్ పెట్టరు :)

షోల్స్ పక్కూరాయన, హంట్స్‌విల్, అలబామా:

కీబోర్డ్ గారూ, ఆ ఆర్గన్ వాయించింది స్పూనర్ ఓల్డమే, నేను పైన చెప్పిన ఆయనే. కాబట్టి మీ జాతికి కూడా పైన సగం దండ పడింది :) ఆ పాట సంగతి ఇంకా చిత్రం. 1966లో పెర్సీ స్లెడ్జ్ షెఫీల్డ్‌లో దాన్ని పాడేనాటికి ఆసుపత్రిలో వార్డ్ బాయ్. రాసినవాళ్లుగా పడిన పేర్లు కాల్విన్ లూయిస్, ఆండ్రూ రైట్. ఇద్దరూ ఆయన బ్యాండ్‌లో వాయించేవాళ్లు. బాణీ నాదే, పేరు వాళ్లకి వదిలేశానని స్లెడ్జ్ తర్వాత చెప్పుకున్నాడు. అమెరికాలో నంబర్ వన్ పాట అది. ఆ వదిలేసిన పేరు ఖరీదు ఎంతో ఆయనకి అప్పుడు తెలిసుండదు.

గొంతు సంగతి సగం ఒప్పుకుంటా. కార్‌లా ఎవరూ పాడలేదు. కానీ పాట గట్టిదా కాదా అన్నది వేరే నోళ్లలో పడ్డాకే తెలుస్తుంది. ‘డార్క్ ఎండ్’ని 1968లో పోర్టర్ వాగనర్, డాలీ పార్టన్ జంటగా పాడారు, పక్కా కంట్రీ. 1969లో ఫ్లయింగ్ బురీటో బ్రదర్స్ పాడారు. 1974లో లిండా రాన్‌స్టాట్. 1972లో రై కూడర్ అయితే నోరు విప్పకుండా గిటార్ మీద వాయించాడు. మాటల్లేవు, గొంతు లేదు, అయినా ఆ వీధి కనపడుతుంది. అది పెన్, మోమన్‌ల గొప్ప కాకపోతే మరెవరిది?

ఇంకొకటి వినండి. మెంఫిస్‌లో స్టాక్స్ కంపెనీకి రాసే హోమర్ బ్యాంక్స్, కార్ల్ హాంప్టన్, రేమండ్ జాక్సన్ ముగ్గురూ కలిసి ‘ఇఫ్ లవింగ్ యూ ఈజ్ రాంగ్’ రాశారు. పెళ్లయి పిల్లలున్న మగాడు ఇంకో ఆవిణ్ని వదల్లేక కొట్టుకోవడం. 1972లో లూథర్ ఇన్‌గ్రామ్ పాడితే ఆర్ అండ్ బీ అనే నల్లజాతి పాటల చార్టులో నంబర్ వన్. ఏడేళ్ల తర్వాత బార్బరా మాండ్రెల్ అదే పాట ఆడమనిషి వైపు నుంచి పాడితే కంట్రీలో నంబర్ వన్. వినేవాళ్లు వేరు, రేడియో స్టేషన్లు వేరు, పాట ఒకటే. కంట్రీ, సోల్ అన్నవి రికార్డులు అమ్మేవాడి అరల పేర్లు తప్ప రాసేవాడి బల్ల మీద అలాంటి గీతలేవీ లేవని నాకు అనిపించడం మొదలైంది ఇలాంటి పాటలతోనే.

ఇక డబ్బు. 1909 చట్టం ప్రకారం అమెరికాలో రికార్డు మీద ఒక్కో పాటకి రాసినవాళ్ల వైపు వెళ్లేది 2 సెంట్లు. 1977 చివరిదాకా అదే రేటు, అరవై ఎనిమిదేళ్లు మారలేదు. 10 లక్షల కాపీలు పోయిన పాటకి 20,000 డాలర్లు. మామూలుగా అందులో సగం పబ్లిషర్‌ది. ఇద్దరు రాసుంటే ఒక్కొక్కరికి 5,000. మిలియన్ సెల్లర్‌కి ఇది! ఒక ఊరట ఏమిటంటే, అక్కడ మామూలు రేడియోలో పాట మోగితే డబ్బు రాసినవాడికీ పబ్లిషర్‌కీ వెళ్తుంది, పాడినవాడికి రాదు. అందుకే పాత పాట రేడియోలో తిరుగుతున్నంత కాలం వీళ్ల పొయ్యి వెలుగుతుంది. పెద్ద స్టార్లు ‘నేను పాడాలంటే రచనలో నా పేరూ వెయ్యి’ అని పట్టుబట్టడం కూడా అందుకే.

అన్ని స్టార్లూ అలా కాదులెండి. ‘ఓల్డ్ టైమ్ రాక్ అండ్ రోల్’ జార్జ్ జాక్సన్, థామస్ జోన్స్ రాసింది. జాక్సన్ మిసిసిపీ వాడు, షోల్స్‌లో కూర్చుని రాసేవాడు. బాబ్ సీగర్ పాడేటప్పుడు చరణాలు చాలావరకు తనే మార్చి రాసుకున్నాడు, క్రెడిట్ మాత్రం అడగలేదు. అది తాను చేసిన తెలివితక్కువ పని అని ఆయనే తర్వాత నవ్వుతూ చెప్పుకున్నాడు. దాంతో లాభపడ్డది జాక్సనే, సంతోషం.

నైట్‌షిఫ్ట్ తమ్ముడూ, పెన్, ఓల్డమ్ ఇద్దరే స్టేజీ మీద గిటార్, ఎలక్ట్రిక్ పియానోతో తమ పాటలు తామే పాడిన ఆల్బమ్ ఒకటుంది, ‘మొమెంట్స్ ఫ్రమ్ దిస్ థియేటర్’, 1999. రాత్రి మూడింటికి అది పెట్టుకో, నిద్ర రాదు.

నైట్‌షిఫ్ట్ గాడు, గచ్చిబౌలి:

అన్నా, లాలాగూడ మేడమ్, థాంక్యూ సో మచ్. నిన్న షిఫ్ట్ మొత్తం దీనికే పోయింది, టికెట్లు రెండు పెండింగ్ ఉన్నాయి, టెన్షన్ పడట్లేదు. ‘యూ డోంట్ నో మీ’ రెండూ విన్నా. ఆర్నల్డ్ మర్యాదగా బాధపడుతున్నాడు, రే చార్ల్స్ దాచుకోలేకపోతున్నాడు.

ఇప్పుడు ఏది విన్నా క్రెడిట్సే చూస్తున్నా. విల్లీ నెల్సన్ ‘ఆల్వేస్ ఆన్ మై మైండ్’ ఆయనే రాసుకున్నాడనుకున్నా. వేన్ కార్సన్, జానీ క్రిస్టఫర్, మార్క్ జేమ్స్ అని మూడు పేర్లున్నాయి. వీళ్లెవరు మళ్లీ? ఫోన్‌లో క్రెడిట్స్ లేని పాత పాటలకి ఎక్కడ చూడాలి?

షోల్స్ పక్కూరాయన, హంట్స్‌విల్, అలబామా:

బీఎంఐ, ఆస్కాప్ అని రచయితల తరఫున డబ్బు వసూలు చేసే పెద్ద సంస్థలు రెండున్నాయి. వాటి వెబ్‌సైట్లలో పాట పేరు కొడితే చాలా పాటలకి రాసినవాళ్ల పేర్లు చూపిస్తుంది, ఫ్రీయే. ఒకే పేరుతో పది పాటలుంటాయి, పాడినవాడి పేరుతో సరిచూసుకో.

వేన్ కార్సన్ స్ప్రింగ్‌ఫీల్డ్, మిజూరీ ఆయన. మెంఫిస్‌లో పని మీద ఉండి ఇంటికి రావడం లేటైతే, ఫోన్‌లో భార్యని సముదాయించబోయి అన్న మాటే ఆ పల్లవి. ఎక్కువ భాగం తనే రాశాడు. చిప్స్ మోమన్ విని మధ్యలో ఒక ముక్క తక్కువైందంటే, మిగతా ఇద్దరూ స్టూడియోలోనే కూర్చుని అది కలిపారు. 1972లో బ్రెండా లీ పాడింది, ఎల్విస్ పాడాడు. 1982లో విల్లీ నెల్సన్‌ది ప్రొడ్యూస్ చేసింది కూడా మోమనే. మార్క్ జేమ్స్ అంటే ఎల్విస్ ‘సస్పీషస్ మైండ్స్’ రాసినాయన.

కార్సన్‌దే ఇంకోటి ‘ద లెటర్’, 1967, బాక్స్ టాప్స్. రెండు నిమిషాలు కూడా ఉండదు, పాడినవాడికి పదహారేళ్లు. ప్రొడ్యూసర్ డాన్ పెన్, చివర్లో విమానం చప్పుడు పెట్టించింది ఆయనే. ఇవాళ దాంతో మొదలుపెట్టు, ఆ టికెట్లు మాత్రం క్లోజ్ చేశాకే.